రెండో బిళ్ళ

ఎవరూ లేని గది మధ్యలో నిలబడి ఒంటరిగా చప్పట్లు కొట్టుకుంటున్న మా మరిదిని చూసి, వీడికి మతిగానీ పోయిందా అనుకున్నాను. ఒక్కటి కొడతాడు, తల పక్కకు వంచి వింటాడు. రెండడుగులు జరుగుతాడు, మళ్ళీ ఒకటి కొడతాడు. మెడలో టేపు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూడనే లేదు.

"ఎవరికిరా ఆ చప్పట్లు?" అన్నాను.

"గదికి," అన్నాడు, అదేదో రోజూ అందరూ చేసే పనే అన్నట్టు. "విను వదినా. నేను కొట్టడం అయిపోయాక కూడా గోడల మధ్య ఒక చిన్న మోత మిగిలిపోతోంది. అది పోవాలి. అందుకే నిన్ను రమ్మన్నాను."

నాకేమీ వినబడలేదు. కానీ వినబడలేదని ఒప్పుకునే రకం కాదు నేను. వెళ్ళి వాడి పక్కన నిలబడి నేనూ కొట్టాను. మూడోసారికి దొరికింది. చప్పుడు వెనకాలే సన్నటి తోక, ఖాళీ బిందెలోకి మాట్లాడితే వస్తుందే, అలాంటిది. ఒకసారి దొరికాక చెవి ఇక దాన్ని వదలదు. ఆ సాయంత్రం ఇంట్లో మెట్ల దగ్గర, వంటగదిలో, చివరికి బాత్రూములో కూడా చప్పట్లు కొట్టి చూశాను. మా ఆయన తలుపు తట్టి ఏమైందని అడిగాడు. ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళ హారన్ల తర్వాత నా మాటల్లో సగమే వినబడతాయట. ఆ సగం ఏదో ఆయనే ఎంచుకుంటాడు. చప్పట్లు మాత్రం బాగానే వినబడ్డాయి.

నేను కర్టెన్లు కుడతాను. బట్టలు కుట్టేవాళ్ళు వీధికి నలుగురుంటారు, కర్టెన్లు కుట్టేవాళ్ళు తక్కువ, సరిగ్గా కుట్టేవాళ్ళు ఇంకా తక్కువ. ఆ తక్కువలో నేనొకదాన్ని. గొప్పలు పోవడం కాదు, ఉన్నమాట చెబుతున్నాను. గుడ్డను వేలాడదీయడం ఎవరైనా చేస్తారు, దాన్ని నిలబెట్టాలి. అందుకు అడుగు మడతలో జానెడుకొకటి చొప్పున చిన్న చిన్న సంచులు కుట్టి, ఒక్కోదాంట్లో కోటు గుండీ అంత ఇనుప బిళ్ళ వేస్తాను. ఆ బరువుకి కుచ్చిళ్ళు గీత గీసినట్టు దిగుతాయి. చాలామంది బద్ధకించి రెండు మూలల్లో రెండు బిళ్ళలు పడేసి చేతులు దులుపుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను, నా కర్టెన్‌కి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు.

మా మరిది స్పీకర్లు అమ్మే షోరూములో పనిచేస్తాడు. ముందు హాల్లో చిన్నాచితకా స్పీకర్లుంటాయి, వాటిని అమ్మడానికి వేరేవాళ్ళున్నారు. వెనక అద్దాల తలుపు వేసిన ఈ గది మాత్రం వాడిది. ఇందులో నా భుజాల ఎత్తున రెండు స్పీకర్లు, వాటి మధ్య బల్ల మీద ఏవో బరువైన పెట్టెలు, ఎదురుగా ఒకే ఒక్క పెద్ద కుర్చీ. కొనేవాళ్ళను ఆ కుర్చీలో కూర్చోబెట్టి వినిపించడమే వాడి ఉద్యోగం. ఆ జత ధరెంతని అడిగాను. చెప్పాడు. నేను సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే చెప్పాడు. అంత పోసి కొన్నది పాట పాడితే చాలదు, ఇల్లు ఊడ్చి గిన్నెలు కూడా తోమాలి అన్నాను.

ఇంట్లో మేమంతా వాడిని పాముచెవులు అంటాం. నేను ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. మా అత్తగారు అప్పటికే లేరు. నా కుట్టుమిషను పక్కనే పక్క పరుచుకుని పడుకునేవాడు, మిషను ఆగితే లేచి కూర్చునేవాడు. ఒకరోజు పక్కగదిలో లెక్కలు చేసుకుంటూ, "వదినా, కింద దారం అయిపోతోంది," అని కేకేశాడు. నీకెలా తెలుసురా అని విసుక్కుంటూ బాబిన్ తీసి చూస్తే నాలుగు చుట్లే ఉన్నాయి. దారం తగ్గేకొద్దీ బాబిన్ తేలికైపోయి చప్పుడు మారుతుందట. అప్పటికే ఐదేళ్ళుగా మిషను తొక్కుతున్న నాకు తెలియని సంగతి అది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాడే నా బాబిన్ కాపలాదారు. ఈ ఉద్యోగంలో చేరాక ఇంట్లో ఉండడమే తక్కువైంది, ఆ కేక వినబడి చాలా కాలమైంది.

అలాంటి చెవులున్నవాడికే ఇప్పుడు ఉద్యోగంలో చిక్కొచ్చింది. నేను గోడలు కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకుని చెప్పుకొచ్చాడు.

"ఇంతకుముందు ఇద్దరొచ్చారు వదినా. కూర్చున్నారు, విన్నారు, లేచి వెళ్ళిపోయారు. గది మోగుతోంది సార్, గోడలకి మందపాటి కర్టెన్లు వేయాలి అని ఓనరుగారితో అప్పుడే చెప్పాను. ఇప్పటికి ఒప్పుకున్నారు. కానీ ఏమన్నారో తెలుసా? నువ్వు వింటావు, అమ్మవు అన్నారు."

"బాగానే అన్నాడు. తర్వాత?"

"శనివారం పళ్ళ డాక్టరుగారు వస్తున్నారు. ఆవిడ కూడా లేచి వెళ్ళిపోతే సోమవారం నుంచి నేను గోడౌన్లో పెట్టెలు దించుకోవాలి. ఈ గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

"ఇస్తే ఇవ్వనీ. జీతమైతే ఆపరు కదా?"

"ఆపరు," అన్నాడు. ఆ పెద్ద కుర్చీ చెయ్యి మీద వేళ్ళు ఆనించి నిలబడ్డాడు. "కానీ ఇక వినలేనుగా."

టేపు చుట్టేసి, కొలతలు రాసుకుని, "ఇంకేమైనా చెప్పాలా నాకు?" అన్నాను.

"ఒకటే. గదిలో ఏదీ కదలకూడదు వదినా. స్పీకర్లు తప్ప ఏదీ."

"నా కర్టెన్లు ఊగడం నువ్వెప్పుడు చూశావురా?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

సిరా రంగు ముఖమల్ తీసుకున్నాం, వెనక మందపాటి లైనింగు. మూడు గోడలకూ పైకప్పు నుంచి నేల దాకా. ఆ వారం నేను వేరే ఎవరి పనీ ముట్టుకోలేదు. కుడుతున్నంతసేపూ వాడి మాటే చెవిలో తిరిగింది. కదలకూడదన్నాడు కదా, కదలనివ్వను. అందుకని ఒక్కో సంచిలో ఒక బిళ్ళకి బదులు రెండు వేశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ వేయలేదు. గవర్నరు బంగళా అయినా ఒకటే వేసేదాన్ని. వీడికి రెండు.

బరువైన గుడ్డ కట్టిన రోజు ఒకలా ఉంటుంది, మర్నాటికి వేలెడు సాగుతుంది. అందుకే నేను గురువారం కట్టి వదిలేసి, శుక్రవారం మిషను అక్కడికే పట్టుకెళ్ళి, పక్కనున్న చిన్న గదిలో కూర్చుని అడుగు మడత వేశాను. సాయంత్రానికి మూడు గోడలూ లేచి నిలబడ్డాయి. ఊది చూశాను, చేత్తో నెట్టి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. చప్పట కొట్టి చూశాను. తోక లేదు. చప్పుడు నా అరచేతుల్లోనే పుట్టి అక్కడే అయిపోయింది.

షోరూము యజమాని వచ్చి చూశాడు. మాట పొదుపు మనిషి. గుడ్డ పట్టుకుని, కిందికి చూసి, "వచ్చే నెల కొత్త బ్రాంచి తెరుస్తున్నామమ్మా. అక్కడ ఇలాంటి గదులు ఆరున్నాయి. అవీ మీరే కుట్టండి," అన్నాడు. నేను ఇంటికి తేలిపోతూ వచ్చాను. మా మరిది మాత్రం ఒకసారి అన్నీ పెట్టి విని వస్తానని అక్కడే ఉండిపోయాడు. వచ్చాక కంచం ముందు కూర్చుని కెలికాడు గానీ తినలేదు.

"ఏంటిరా సంగతి?" అన్నాను.

"ఏం లేదు. కర్టెన్లు చాలా బాగున్నాయి వదినా."

"అది నువ్వు చెప్పాలా?" అని ఇంకో రెండు గరిటెలు వడ్డించాను. రేపటి గురించి బెంగ అనుకున్నాను.

శనివారం పొద్దున్నే నేనూ వెళ్ళాను. కుచ్చిళ్ళు ఒకసారి సర్దాలని వంక. నిజానికి ఆ పెట్టెలు ఏం పాడతాయో వినాలని నా కోరిక. వారం రోజులుగా అందులో తిరుగుతున్నాను, ఒక్కసారైనా వినిపించలేదు వీడు. గదిలోకి వెళ్ళి చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు హాల్లో ఉండాల్సిన సోఫా దిండ్లన్నీ తెచ్చి, స్పీకర్ల వెనక కర్టెన్ అంచు మీద వరసగా పేర్చి ఉన్నాయి. నా పనితనమంతా ఉండేది అక్కడే, ఆ నేల మీదకి దిగే చోటే. అది కనబడకుండా మూసేశారు.

"ఎవరు పెట్టార్రా ఇవి?"

"నేనే," అన్నాడు. "అక్కడే ఉండనీ వదినా. గదికి మంచిది."

"గదికి మంచిదా? సామాను దింపిన లారీలా ఉంది. ఆవిడ వచ్చి చూసి ఏమనుకుంటుంది?" అంటూ ఒక్కొక్కటే తీసి మూల పడేశాను. వాడు ఏదో అనబోయాడు. నా మొహం వంక చూశాడు. పాటల కాగితం తీసి, పెన్సిలుతో రెండు మూడు కొట్టేసి, వేరేవి రాసుకున్నాడు.

పదకొండింటికి డాక్టరుగారు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, గట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటూనే చేతి గడియారం విప్పి సంచిలో వేసింది, టిక్కుటిక్కు అడ్డమట. యజమాని ఆమె వెనకాల నిలబడ్డాడు. నేను తలుపు పక్కన స్టూలు మీద సర్దుకున్నాను.

"నేను రోజంతా డ్రిల్లు చప్పుడు వింటాను బాబూ," అంది మా మరిదితో. "ఇంటికెళ్ళాక కూడా అది తలలో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి పంపించే చప్పుడు కావాలి నాకు. మాటలు వద్దు, వినిపించండి."

వాడు మొదట ఒక ఆడమనిషి ఒంటరిగా పాడింది పెట్టాడు. పాట మొదలవకముందే నేను అటు తిరిగి చూశాను, గదిలోకి ఎవరో వచ్చారనిపించి. ఆమె గాలి పీల్చుకుంది. అంతే. పెదవులు విడిన చిన్న తడి చప్పుడు. స్పీకర్లు అటొకటీ ఇటొకటీ ఉన్నాయి, ఆ మనిషి మాత్రం ఎవరూ లేని మధ్య చోటులో నిలబడి పాడుతోంది. ఎత్తు కూడా తెలుస్తోంది, నాకంటే కొంచెం పొట్టి. బల్ల వెనకాల ఇంకో పెట్టె గానీ దాచారా అని నేను స్టూలు మీంచి లేచి వంగి చూశాను. యజమాని నా వైపు గుడ్లురిమాడు. కూర్చున్నాను.

తర్వాత పియానో వేశాడు. దాని కింద కాలితో తొక్కే మీట ఒకటుంటుందట, అది కీచుమనడం కూడా వినబడింది. అంత పెద్ద విద్వాంసుడికీ నూనె వేసుకునే తీరిక లేదన్నమాట. నా మిషను గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. చీమ చిటుక్కుమన్నా వినబడే గదిలో నా నవ్వు వినబడదా? డాక్టరుగారు వెనక్కి చూసింది. ఆమె కూడా నవ్వుతోంది.

మా మరిది మూడోది వేశాడు, నాలుగోది వేశాడు. అన్నీ సన్నగా, నాజూకుగా ఉన్నాయి. ఆమె చెయ్యెత్తింది.

"అన్నీ పైపైనే వినిపిస్తున్నారు. కాస్త లోతున్నది వేయండి. కాళ్ళ కింద తెలియాలి."

"ముందు ఇంకొక పాట విని..." అన్నాడు వాడు.

"ఆవిడ అడిగింది వేయవయ్యా," అన్నాడు యజమాని.

వాడు కాగితం వంక చూశాడు, పొద్దున కొట్టేసినవాటిలో ఒకటి వేశాడు. మనిషంత ఎత్తుండే తంత్రీవాద్యమట అది, నిలబడి వాయించాలట. మొదటి తీగ మీటగానే నాకు అది చెవుల్లో కాదు, అరికాళ్ళలో వినబడింది. స్టూలు కాళ్ళ మీదుగా ఎక్కి పొట్టలోకి వచ్చింది. ఇదేం విడ్డూరం, చప్పుడు కూడా ఇలా ముట్టుకుంటుందా అని నేను ముక్కున వేలేసుకునే లోపలే ఇంకో శబ్దం వినబడింది. చిర్‌ర్ మని, చిన్నగా. తీగ ఇంకా కిందికి దిగింది. చిర్‌ర్.

డాక్టరుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటి?"

మా మరిది గబగబా వెళ్ళి స్పీకరు వెనక వైరు బిగించాడు. మళ్ళీ మొదటి నుంచి వేశాడు. అదే చోట, అదే చిర్‌ర్. కొంచెం తగ్గించాడు. తగ్గింది గానీ పోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఇంకో వైరు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వాడి మెడ మీద చెమట నాకు కనబడుతోంది.

"ఇంత ధర పెట్టి, ఇందులోనూ డ్రిల్లే వినాలా?" అంది ఆమె. కోపంగా ఏం అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

వాడు లేచి నిలబడ్డాడు. "స్పీకరు మంచిదేనండి. అమర్చడంలో నేనే పొరపాటు చేశాను. తప్పు నాది."

యజమాని వాడి దగ్గరికి వచ్చి మెల్లగా, "మూడో మనిషి," అన్నాడు. "సోమవారం గోడౌన్‌కి వెళ్ళు." మెల్లగా అన్నా ఆ గదిలో మెల్లగా అనేది లేదు. మా కర్టెన్ల పుణ్యమా అని అందరికీ వినబడింది. డాక్టరుగారు గడియారం కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

నాకు మాత్రం చెవిలో ఆ చిర్‌ర్ ఇంకా ఆడుతోంది. నేనెక్కడో విన్నాను దాన్ని. ఎక్కడో కాదు, రోజూ వింటాను. నా బిళ్ళల డబ్బా మిషను బల్ల మీద ఉంటుంది. మిషను జోరుగా తొక్కినప్పుడు అందులో బిళ్ళలు ఒకదానికొకటి తగులుకుని ఇలాగే అంటాయి. ఒక్క బిళ్ళ అనదు. పక్కన ఇంకొకటి ఉంటేనే అంటుంది.

నిజం చెప్పాలంటే, ముందు ఊరుకుందామనే అనిపించింది. ఇరవై రెండేళ్ళ పేరు. ఆరు గదుల పని. వాడు తన తప్పేనని ఒప్పుకున్నాడు, నన్నెవరూ అడగడం లేదు. అలా ఎంతసేపు ఆలోచించానో తెలియదు, సిగ్గుపడేంతసేపు ఆలోచించాను. మా మరిది ఆ పెద్ద కుర్చీ వెనకాల నిలబడి, దాని మీద మెల్లగా చెయ్యి వేశాడు. ఆ రోజు కొలతలప్పుడు వేసినట్టే.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం కూర్చోండి," అన్నాను లేచి. "ఒరేయ్, అదే మళ్ళీ వేయి. పెద్దగా వేయి."

"మీరు కూర్చోండమ్మా," అన్నాడు యజమాని.

"కూర్చుంటాను సార్, దీని నోరు మూయించాక."

వాడు వేయలేదు. "వదినా, వద్దు," అన్నాడు. నేను వాడి వంక చూసిన చూపుకి వేశాడు. నేను స్పీకర్ల వెనక్కి వెళ్ళి, వంగి, కర్టెన్ అంచు మీద అరచెయ్యి ఆనించాను. లోతు తీగ రాగానే నా చేతి కింద తేనెటీగ కొట్టుకున్నట్టు కొట్టుకుంది. గట్టిగా అదిమాను. ఆ మేరకు చప్పుడు ఆగింది. వదిలాను, మళ్ళీ చిర్‌ర్.

"స్పీకరూ కాదు, వీడూ కాదు," అన్నాను. "ఇది నా కుట్టు. ఒకటి వేయాల్సిన చోట రెండు బిళ్ళలు వేశాను. కదలకుండా ఉంటుందని వేశాను. అవి లోపల కొట్టుకుంటున్నాయి. తప్పు నాది."

ఇంత పెద్ద మాట నా నోటి నుంచి మా ఆయన కూడా ఎప్పుడూ వినలేదు. తల కొట్టేసినట్టయింది నాకు. యజమాని ఏమంటాడో వినకుండా నా చేతిసంచిలోంచి చిన్న కత్తెర తీసి, నేల మీద చతికిలబడి, నిన్న సాయంత్రం వేసిన నా కుట్టును నేనే పుటుక్కున తెంపాను. మంచి కుట్టు అంత తేలిగ్గా ఊడదు. అదీ నా ఖర్మే.

డాక్టరుగారు లేచి వచ్చి పక్కన గొంతుకూర్చుంది. సంచి మూతి నుంచి మొదటి బిళ్ళ నేను తీయడం చూసింది, రెండోదానికి తనే వేలు పెట్టింది. "ఇలా ఇవ్వండి. చిన్న చోటుల్లోంచి తీయడం నా పనే," అంది. ఆ గోడకి ఇరవై ఆరు సంచులు. మిగతా రెండు గోడలూ స్పీకర్లకి దూరం, అవి మోగడం లేదు. నేను కుట్లు విప్పుతుంటే ఆమె ఒక్కో సంచిలోంచి ఒక్కో బిళ్ళ తీసి పక్కన పెట్టింది. "నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగంమంది నొప్పి ఒక పన్నుదైతే ఇంకో పన్ను చూపిస్తారు," అంది. "వాళ్ళ మాట నమ్మి పీకితే అంతే సంగతులు."

పని అయ్యేసరికి అరగంట పట్టింది. కర్టెన్ అంచు దారాలు వేలాడుతూ, ఎక్కువ తక్కువలుగా, మొదటిసారి మిషనెక్కిన పిల్ల కుట్టినట్టుంది. నేను దాని వంక చూడలేదు. వాడు మళ్ళీ అదే వేశాడు.

ఈసారి తీగ దిగింది, ఇంకా దిగింది, ఎక్కడా దేనికీ తగలకుండా అడుగు దాకా వెళ్ళి అక్కడ ఆగింది. వాయించేవాడి వేలు తీగ మీద జారిన గరుకు కూడా తెలిసింది. అది ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దం నాకు ఇంకా నచ్చింది. ఆ నిశ్శబ్దంలో గది ఎంత పెద్దదో తెలుస్తోంది. డాక్టరుగారు కళ్ళు మూసుకుని, దవడ వదులు చేసి, కుర్చీలో వెనక్కి జారగిలబడింది. ఇంకోటి అడిగింది. తర్వాత ఇంకోటి. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "పోయింది," అంది.

లేచేటప్పుడు యజమానితో, "ఇవి మా ఇంటికి పంపించండి. కానీ అమర్చడానికి ఈ అబ్బాయే రావాలి," అంది.

"తప్పకుండానండీ. ఈ గది మొత్తం చూసుకునేది ఇతనే," అన్నాడు ఆయన. సోమవారం మాట ఇక లేదు. నా వైపు తిరిగినప్పుడు మాత్రం, "కొత్త బ్రాంచి సంగతి చూద్దాం లెండమ్మా," అన్నాడు. చూద్దాం అంటే లేదని అర్థం. నాకు తెలుసు, నేనూ చాలామందితో ఆ మాట అన్నాను.

అందరూ బయటికి వెళ్ళాక నేల మీద బిళ్ళలు ఏరుకుంటున్నాను. మూల నేను పొద్దున పడేసిన దిండ్లు కనబడ్డాయి. చేతిలో బిళ్ళలు అలాగే ఉండిపోయాయి. వరసగా, అంచు మీద, సరిగ్గా ఆ గోడకే పేర్చాడు. పాటల కాగితంలో లోతువి కొట్టేశాడు. పక్కగదిలో ఉండి బాబిన్‌లో నాలుగు చుట్లు లెక్కపెట్టినవాడు, పది అడుగుల దూరంలో మోగే ఇనుము వినబడనట్టు వైర్లు బిగిస్తుంటే నేనెలా నమ్మాను?

"నీకు ఎప్పుడు తెలుసు?" అన్నాను.

వాడు తేలు కుట్టిన దొంగలా కాసేపు వైర్లు చుట్టాడు. "నిన్న సాయంత్రం."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావురా? రాత్రే చెబితే తెల్లారేసరికి విప్పి పారేసేదాన్ని కదా."

"చెబుదామనే వచ్చాను. నువ్వు ఆరు గదుల పని వచ్చిందని అన్నయ్యకి రెండోసారి చెబుతున్నావు."

"అందుకని నీ గది పోగొట్టుకుంటావా? గోడౌన్‌కి పోతావా?"

"నేను అమర్చడంలో తప్పు చేశానంటే ఎవరైనా నమ్ముతారు వదినా," అన్నాడు. "నీ కుట్టులో తప్పుందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. మొదటిసారి అది నేను అనాలా?"

నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళప్పటి నుంచి పెంచిన పాపానికి ఇంత తెలివి నేర్చుకున్నావా అని తిట్టాను. బుర్ర ఉందా అన్నాను, గడ్డి తింటున్నావా అన్నాను. వాడు నవ్వుతూ నిలబడ్డాడు. తిట్లు అయిపోయాయి, నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవడం ఇష్టం లేక కర్టెన్ ఊడదీసి చంకన పెట్టుకుని పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను.

సంచికి ఒక్క బిళ్ళ చొప్పున ఉంచి, మడత మళ్ళీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టాను. కళ్ళు మసకగా ఉన్నాయి, చేతి అలవాటు మీద నడుపుతున్నాను. వాడు అక్కడ ఆ పెద్ద కుర్చీలో కూర్చున్నట్టున్నాడు. మళ్ళీ ఆ లోతు తీగే పెట్టుకున్నాడు. గోడ దాటి నా కాళ్ళ కిందికి వస్తోంది. దాని మీదుగా నా మిషను టకటకమంటోంది.

"వదినా," అని కేకేశాడు అక్కడి నుంచి. "కింద దారం అయిపోతోంది."

మిషను ఆపి, కళ్ళు తుడుచుకుని, బాబిన్ తీసి చూశాను. నాలుగు చుట్లే ఉన్నాయి.